పొరుగింటి జెల్

హేమ మంచిదే. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత చెప్పడానికి నాకు నోరు రాదు. టాటానగర్ రైల్వే కాలనీలో మాకూ వాళ్ళకీ మధ్య ఒకటే గోడ. రెండేళ్ళ కిందట కొత్తగా పెళ్ళయి పక్క క్వార్టర్లో దిగింది. ఖరగ్‌పూర్ తెలుగుపిల్ల. మొగుడు స్టేషన్లో టికెట్ల కౌంటర్లో కూర్చుంటాడు, తను జుగ్సలాయిలో ఒక మందుల షాపులో క్రీములూ సబ్బులూ ఉండే వైపు నిలబడి అమ్ముతుంది. వచ్చిన వారానికే నన్ను అక్కా అంది, మా ఆయన్ని బావగారూ అంది. మా గుంట నవ్య మాత్రం ఆవిడకి దీదీ అని పేరు పెట్టేసింది. నాకు చెల్లెలైన మనిషి నా కూతురికి అక్క ఎలా అవుతుందో నాకిప్పటికీ అర్థం కాదు.

నవ్య పన్నెండో క్లాసు. మా ఆయన సురేష్ గూడ్సు బండి డ్రైవరు, ఆయన మొహం ఎప్పుడు చూసినా జిడ్డోడుతూ ఉంటుంది. ఇంజన్ వేడికి అనుకునేదాన్ని కానీ, సెలవు రోజున కూడా అంతే. ఆ మొహమే కూతురికీ వచ్చింది. పొద్దున్న కడుక్కుని బడికి వెళితే పది గంటలకల్లా నుదురూ ముక్కూ గడ్డం మెరిసిపోతాయి. ఆ పైన మొటిమలు. క్లాసులో తోటి రైల్వే పిల్లలే దాన్ని చూసి "ట్యాంకర్ వచ్చింది" అనేవారట. నూనె మోసుకుపోయే గూడ్సుకి పెట్టిన పేరు నా పిల్లకి పెట్టారన్నమాట. ఆ సంగతి నవ్య నాకు చెప్పలేదు. హేమకి చెప్పింది. హేమ నాకు చెప్పింది.

అదిగో, అక్కడ మొదలైంది నాకు మంట. కన్నతల్లిని, గోడకి ఇవతల ఉన్నాను. గోడకి అవతల కూర్చుని ఏడ్చి వచ్చింది.

అలాగని నేను దాని మొహాన్ని గాలికి వదిలేశానా? మా బొబ్బిలిలో మా అమ్మ గానుగ దగ్గర నిలబడి ఆడించిన నువ్వులనూనె ఏటా చలికాలం ముందు నాకు వస్తుంది. సెలవుకి ఊరెళ్ళొచ్చే రైల్వే వాళ్ళ చేతికిచ్చి పంపుతుంది. నవ్య పుట్టినప్పుడు కాళ్ళు చాపుకుని, కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, ఆ నూనెతోనే దాని ఒళ్ళంతా మర్దనా చేశాను. తర్వాత కూడా చలికాలం పొద్దున్నే మొహం చాపి నిలబడేది, నేను బుగ్గలకి నూనె రాసి పంపేదాన్ని. పన్నెండేళ్ళు నిండాక ఒకనాడు నా చెయ్యి తోసేసింది. ఆ రోజు నుంచి దాని మొహం మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. పైగా జిడ్డు పోవాలని రోజుకి ఐదారు సార్లు సబ్బు పెట్టి తోముకునేది. నేను నూనె రాసుకోమంటాను, అది సబ్బు రుద్దుకుంటుంది. ఇంట్లో ఇదే గొడవ.

నవంబరులో ఒక ఆదివారం వరండాలో చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చున్నాను. హేమ వరండా మా వరండాకి ఆనుకునే ఉంటుంది, మధ్యలో నడుమెత్తు గోడ. నవ్యని ఎండలో ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి, గడ్డం పట్టుకుని, మొహం అటూ ఇటూ తిప్పి చూస్తోంది హేమ. నా పిల్ల కళ్ళు మూసుకుని హాయిగా కూర్చుంది. నన్ను తాకనివ్వని మొహాన్ని ఆవిడ చేతికి అప్పగించేసింది. నా చేతిలో చిక్కుడుకాయ రెండు ముక్కలైంది, ఈనె అలాగే ఉండిపోయింది.

హేమ చెప్పేదంతా నాకు వినబడుతూనే ఉంది. సబ్బుతో అన్నిసార్లు కడిగితే చర్మం ఎండిపోతుందట, ఎండిన చర్మం కంగారుపడి ఇంకా జిడ్డు ఊరిస్తుందట. అందుకని రెండు పూటలే కడుక్కోవాలట, అదీ నురగ తక్కువున్న దానితో. కడిగాక తడి ఆరకముందే ఏదో ఒకటి రాసుకోవాలట. జిడ్డు మొహానికి ఇంకా రాసుకోవడమేమిటని నవ్య అడిగింది. సరిగ్గా నేను అడగబోయిన ప్రశ్నే. జిడ్డు చర్మానికీ తడి కావాలి, అయితే నూనె ఉన్నదీ ముద్దగా ఉన్నదీ కాదు, పల్చటిది కావాలి అంది హేమ. ఆరిందాలా చెప్పింది. నవ్య నోరు తెరుచుకుని విన్నది.

షాపులోంచి మూడు రకాల చిన్న చిన్న సాంపిల్ పొట్లాలు తెచ్చింది. ఒకటి తెల్లటి క్రీము, ఒకటి పాలలా జారే లోషను, ఒకటి జెల్. ఒక్కొక్కటి మూడేసి రోజులు దవడ కింద కొంచెం రాసుకుని చూడమంది. మంట పుట్టిందా, దురద వచ్చిందా, మధ్యాహ్నానికి ఎంత మెరిసింది, అన్నీ లెక్కల పుస్తకం వెనక రాసుకోమంది. డబ్బా మీద పెద్ద అక్షరాలు అమ్మడానికి రాసినవి, చిన్న అక్షరాలు చదువు అని కూడా చెప్పింది. నూనె లేదని, రంధ్రాలు మూసుకోనివ్వదని రాసి ఉందో లేదో వెతకమంది. నవ్య పరీక్షలకి కూడా అంత శ్రద్ధగా రాసుకోలేదు. క్రీము మొదటి రోజే జిడ్డోడింది, లోషను పరవాలేదనిపించింది, జెల్ మాత్రం రాసుకున్న నిమిషానికి చర్మంలోకి ఇంకిపోయి ఏమీ రాసుకోనట్టే ఉందట. తొమ్మిది రోజుల తర్వాత ఇద్దరూ కలిసి జుగ్సలాయి వెళ్ళి నీలం మూత డబ్బా ఒకటి కొనుక్కొచ్చారు. నన్ను రమ్మని మాటవరసకైనా అడగలేదు.

డబ్బా తెరిచి చూశాను. రంగూ లేదు, వాసనా లేదు, గంజి మీద తేటలా ఉంది. ఇది డిసెంబరు చలికి ఏం ఆగుతుంది, మొహం పగిలి ఊరుకుంటుంది అన్నాను. పగలదని నవ్య హిందీలో చెప్పి వెళ్ళిపోయింది. ఈ కాలం పిల్లలు తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెబుతారు, కానీ నాకు ఆ రోజు భాష మార్చి నన్ను బయటికి నెట్టినట్టే అనిపించింది. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు.

ఎంత వద్దనుకున్నా చెప్పక తప్పదు, పగల్లేదు. కొత్త సంవత్సరం వచ్చేసరికి నుదుటి మీద మొటిమలు అణిగిపోయాయి. మొహం నున్నగా, పొడిగా, లేత తమలపాకులా తయారైంది. నవ్య అద్దం ముందు నిలబడి నవ్వుకోవడం చూశాను. తల్లికి సంతోషమేగా? సంతోషమే. ఆ సంతోషం పక్కనే కడుపులో ఒక పుండు కూడా ఉంది. అది హేమ చేతి చలవ అని గుర్తొచ్చినప్పుడల్లా సలిపేది.

ఎదురు క్వార్టరు సీతారామరావుగారి భార్య ఒకరోజు గేటు దగ్గర ఆపి, "జోగమ్మా, మీ గుంట మొహం కళకళలాడిపోతంది. ఏటి రాత్తన్నావు?" అని అడిగింది. మా బొబ్బిలి నూనె అని చెప్పేశాను. అబద్ధం ఆడాలని అనుకోలేదు, నోట్లోంచి వచ్చేసింది. బడి సంచీతో వెనకే వస్తున్న నవ్య వింది. నన్ను దాటుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది. ఏమైనా అని ఉంటే బాగుండేది.

జనవరి ఆఖర్లో బడిలో ఫేర్‌వెల్. పన్నెండో క్లాసు ఆడపిల్లలందరూ ఆ రోజు మొదటిసారి చీర కట్టుకుంటారు, ఈ ఊళ్ళో అదొక పండగ. నవ్య ఏడో క్లాసులో ఉన్నప్పటి నుంచే ఆ రోజు కోసం నా పెళ్ళినాటి ముదురాకుపచ్చ పట్టుచీర పక్కన పెట్టాను. పది రోజుల ముందు తీసి మంచం మీద పరిచాను. నవ్య వచ్చి చూసింది, కొంగు పట్టుకుని బరువు చూసింది. చీర చాలా బాగుందని, కానీ బరువుగా ఉందని, హేమ దీదీ దగ్గర లేతనీలం జార్జెట్ ఉందని, దీదీయే కడతానందని చెప్పింది. మెల్లగా, నేను బాధపడకుండా చెప్పాలని చూసింది. ఆ జాగ్రత్తే నన్ను కాల్చేసింది. సరేలే అన్నాను. చీర మడత పెట్టి పెట్టెలో పెట్టాను.

మర్నాడు నవ్య బడికి వెళ్ళింది, సురేష్ బండి తీసుకుని లైను మీదికి డ్యూటీకి పోయాడు. పదకొండు గంటలకి, మంచి ఎండ వేళ, అద్దం దగ్గరున్న నీలం మూత డబ్బా తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను. అందులో ఒక చెంచాడు బొబ్బిలి నూనె పోశాను. మొదట పైన తేలింది. చెంచా కాడతో కలిపితే తెల్లగా తిరిగి లోపలికి పోయింది. దాని మంచికే అని నాకు నేను చెప్పుకున్నాను. ఇక్కడ ఎవరి ముందూ అబద్ధం ఆడక్కర్లేదు కాబట్టి చెబుతున్నాను, మంచికి కాదు. హేమ జెల్ పని చెయ్యకూడదు, అంతే. రెండు రోజులాగి ఇంకో చెంచాడు పోశాను.

నవ్యకి ఆ వారం చలికి జలుబు చేసి ముక్కు బిగుసుకుపోయింది. జెల్ ఎందుకో తెల్లగా అయిందని ఒకసారి అంది. చలికి పేరుకుంటుంది, మన కొబ్బరినూనె పేరుకోదూ అన్నాను. నమ్మింది. రోజూ రెండు పూటలా శ్రద్ధగా రాసుకుంది.

ఆరో రోజుకి గడ్డం మీద రెండు లేచాయి. ఎనిమిదో రోజుకి నుదురు నిండిపోయింది. ఒకటా రెండా, ఎర్రగా, చీము తలలతో, ముట్టుకుంటే నొప్పి. ఫేర్‌వెల్ ఎల్లుండి. నవ్య అద్దం చూసుకుని కిందనే కూలబడింది. ఏడ్చి ఏడ్చి, దీదీ క్రీమే ఇలా చేసింది అంది. నేను చాప మీద కూర్చుని ఉన్నాను. పాక్కుంటూ వచ్చి నా ఒళ్ళో తల పెట్టుకుంది.

ఐదారేళ్ళయింది ఆ తల నా ఒళ్ళోకి వచ్చి. జుట్టు నిమిరాను. చెప్పేనా నేను, పొరుగువాళ్ళ మాటలు వింటే ఇంతేనమ్మా అన్నాను. అది ఊఁ కొట్టింది. ఆ క్షణంలో నాకు సిగ్గు కలగలేదు, జాలి కూడా కలగలేదు. గెలిచాననిపించింది. ఈ ఒక్క మాట చెప్పడానికే నాకు ఇన్నాళ్ళు పట్టింది.

అంతటితో ఊరుకుని ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. గెలిచిన మనిషి ఊరుకుంటుందా? డబ్బా పట్టుకుని తగుదునమ్మా అని వరండాలోకి బయల్దేరాను. చెయ్యి పట్టుకుని ఆపబోతూ నవ్య వెనకాలే వచ్చింది. హేమ డ్యూటీకి వెళ్ళడానికి జడ వేసుకుంటోంది. సీతారామరావుగారి భార్య గేటు దగ్గర కూరలబండి వాడితో బేరమాడుతోంది. వాళ్ళందరూ వినేలా మొదలుపెట్టాను. షాపులో అమ్ముడుపోని సరుకు నా పిల్ల మొహానికి పూశావని, ఒకరి పిల్ల మీద ప్రయోగాలు చెయ్యడానికి నువ్వెవరివని, ఎల్లుండి దాని పండగ నాశనం చేశావని నోటికొచ్చినట్టు అన్నాను.

హేమ బెదిరిపోయింది. ముందు నా మాటలకి కాదు, నవ్య మొహం చూసి. సగం జడ వదిలేసి గోడ దగ్గరికి వచ్చింది, గడ్డం పట్టుకోబోయి నన్ను చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. క్షమించమంది. తనకీ అర్థం కావడం లేదు, రెండు నెలలు పడిన జెల్ ఇప్పుడెందుకు పడలేదు అంది. తర్వాత నా చేతిలో డబ్బా తీసుకుని మూత తిప్పింది.

వేలితో కొంచెం తీసి రెండు వేళ్ళ మధ్య రుద్దింది. మళ్ళీ రుద్దింది. లోపలికి వెళ్ళి తను వాడుకునే డబ్బా తెచ్చింది, అదే నీలం మూత. ముక్కాలిపీట మీదున్న హిందీ పేపరు మీద తన డబ్బాలోది ఒక చుక్క, మా డబ్బాలోది ఒక చుక్క పెట్టి ఎండలోకి జరిపింది. ఆవిడ ఏం చేస్తోందో అప్పటికి నాకు తెలిసిపోయింది. పకోడీల పొట్లం చూడని వాళ్ళెవరు?

తన చుక్క ఆరిపోయింది, కాగితం కాస్త ముడతపడింది, అంతే. మా చుక్క చుట్టూ మరక పాకుతూ పోయింది. ఆ మరకలోంచి వెనక పేజీ అక్షరాలు కనిపించాయి.

"అక్కా, ఇది జెల్ కాదు," అంది హేమ, మెల్లగా. "ఇందులో నూనె ఉంది."

అప్పటికే నవ్య డబ్బా అందుకుంది. జలుబు కాస్త తగ్గిందేమో, ముక్కు దగ్గర పెట్టుకుని లోపలికి పీల్చింది. ఆ వాసన తెలియకపోవడానికి అదేమైనా పరాయి పిల్లా? ఆ నూనెలోనే పెరిగింది.

"యే తో అమ్మమ్మ కా తేల్ హై," అంది, ఇది అమ్మమ్మ నూనేనని. నా వైపు తిరిగింది. "నువ్వు కలిపేవా?"

తెలుగులోనే అడిగింది. ఎన్నాళ్ళ తర్వాతో నాతో తెలుగులో మాట్లాడింది.

అబద్ధం ఆడొచ్చు. పొరపాటున ఒలికిందనొచ్చు, మంచిదని కలిపాననొచ్చు. హేమ కూడా ఆ మాట కోసమే చూస్తోంది. అక్క మంచికే కలిపి ఉంటుందిలే నవ్యా అని నాకు దారి కూడా ఇచ్చింది. ఇదిగో, ఆ మంచితనమే నాకు పడనిది. ఆవిడ ఇచ్చిన దారిలో నడవడం కంటే నూతిలో దూకడం నయమనిపించింది.

"నానే కలిపీసినాను," అన్నాను. "మంచికి కాదు. నీ మొహం మీద ఆవిడ సెయ్యి సూడలేకపోనాను. కుళ్ళుతోటి కలిపినాను."

నవ్య అరుస్తుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. అది డబ్బా మూత పెట్టి, గోడ మీద పెట్టి, ఇంట్లోకి వెళ్ళి, పుస్తకాలు సర్దుకుని బడికి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం టీ పెట్టి ఇస్తే తాగింది. అన్నం పెడితే తిన్నది. అడిగినదానికి జవాబు చెప్పింది. తిట్టి ఉంటే తిరిగి తిట్టేదాన్ని, నాకు తిట్లు బాగా వచ్చు. ఆ మర్యాదతో ఏం చెయ్యాలో మాత్రం నాకు చేతకాలేదు.

మా ఆయన డ్యూటీ దిగి వచ్చి సంగతి విన్నాడు. ఆయన నన్ను గట్టిగా ఒక మాట అనడు. నీ నూనె నీ నెత్తిన పోసుకుని ఉంటే సరిపోయేది అని తువ్వాలు తీసుకుని స్నానానికి వెళ్ళిపోయాడు.

ఫేర్‌వెల్ రోజున నవ్య హేమ ఇంట్లోనే తయారైంది. మొటిమలు ఎక్కడివక్కడే ఉన్నాయి, హేమ వాటిని పౌడరుతో కప్పలేదు. లేతనీలం చీరలో గేటు దాకా వెళ్ళి, అక్కడ ఆగి వెనక్కి చూసింది. మా ఇద్దరి వరండాలూ పక్కపక్కనే కదా, నన్ను చూసిందో హేమని చూసిందో తెలియలేదు. చెయ్యి ఊపింది. నేనూ ఊపాను, హేమా ఊపింది.

హేమ కొత్త డబ్బా తెచ్చి ఇచ్చింది. నవ్య దాన్ని మా ఇంట్లో అద్దం దగ్గర పెడుతుందేమోనని చూశాను, పెట్టలేదు. ఇప్పుడు ఆ డబ్బా హేమ ఇంట్లో ఉంటుంది. రోజూ పొద్దున్న నిద్ర లేవగానే నవ్య తువ్వాలు భుజాన వేసుకుని పక్కింటికి వెళ్ళి అక్కడ మొహం కడుక్కుని, రాసుకుని వస్తుంది. సాయంత్రమూ అంతే. అక్కడే ఉంచమని హేమ చెప్పలేదట, ఇంటికి తీసుకెళ్ళమనే చెప్పిందట. మొటిమలు మళ్ళీ అణిగాయి. నాకు ఇప్పటికీ కడుపు మండుతూనే ఉంది, మండటానికి ఇప్పుడు నాకు హక్కు లేదు, అదే తేడా.

మొన్న సీతారామరావుగారి భార్య గేటు దగ్గర మళ్ళీ ఆపింది. మీ గుంట రోజూ తువ్వాలుతో పక్కింటికెళ్తంది, మీ క్వార్టర్లో నీళ్ళు రావడం లేదా అని అడిగింది. ఆ రోజు అన్నీ కళ్ళారా చూసిన మనిషే, ఏమీ ఎరగనట్టే అడిగింది. కొళాయి పాడైందని చెప్పాను. మరి ఆఫీసులో కంప్లైంట్ రాయించావా అంది. రాయించాను, ఇంకా ఎవరూ రాలేదు అని చెప్పాను.